మా ఊళ్లోనే రాయించిన ఫిర్యాదు

మా వీధి వకీలమ్మ మొన్న ఆదివారం పొద్దున పోయారు. ఆమె ఆఫీసు కింద జిరాక్స్ షాపు నడిపే అక్క ఫోన్ చేసి, "ఇగ లేదమ్మా" అని ఆగిపోయింది. ఎయిర్‌పోర్టులో డ్యూటీలో ఉన్న నేను యూనిఫారంతోనే బయల్దేరాను. ఆ ఉద్యోగం నాకు మిగిలిందే వకీలమ్మ వల్ల.

మూడేళ్ల కింద ఎవరో నా ఫోటోను, ఫోన్ నంబరును ఒక విదేశీ వెబ్‌సైట్‌లో పెట్టారు. కింద రాసిన మాటలు ఇక్కడ చెప్పలేను. ముక్కూమొహం తెలియని మగవాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. ఠాణాకు వెళ్తే అక్కడి అధికారి, "సర్వర్ ఏదో దేశంల ఉన్నదమ్మా, మా చేతుల లేదు" అన్నాడు. తుక్కుగూడలో ఉండే మా అన్న ఉద్యోగం మానెయ్యమన్నాడు. నేనూ మానేద్దామనే అనుకున్నాను.

జిరాక్స్ అక్కే నన్ను పైకి తీసుకెళ్లింది.

"కంప్యూటర్ ఏడనన్న ఉండనీ బిడ్డా," అన్నారు వకీలమ్మ. "నువ్వు చూసింది ఏడ? ఏడ్సింది ఏడ?"

"మా ఇంట్లనే."

"మరింకేంది? నష్టం శంషాబాద్‌ల అయింది. కేసు గూడ ఈడనే."

విమానం పైనుంచి వెళ్తుంటే ఆమె మాట ఆపేసేవారు. చప్పుడు తగ్గాక సరిగ్గా ఆ మాట దగ్గరే అందుకునేవారు. ఫిర్యాదు రాసి చదివి వినిపిస్తూ, "తీరని మానసిక క్షోభ" అన్నచోట ఆగి, "ఇది నీ మాటేనా?" అని అడిగారు. కాదన్నాను. దాన్ని కొట్టేసి, నేను చెప్పినట్టే "బస్సెక్కాలంటే భయమైతున్నది" అని రాశారు.

ఠాణాలో ఆమె గొంతు పెంచలేదు. దేశం బయటి నుంచి చేసిన నేరం మన చట్టం కిందికి ఎప్పుడు వస్తుందో చెప్పే పేజీ తెరిచి అధికారి ముందు పెట్టారు. "నిమ్మలంగ చదువుండ్రి సార్, నేను కూసుంట." మధ్యాహ్నానికి ఫిర్యాదు నమోదైంది.

నా ఫోటో ఉన్న పేజీ తీసెయ్యమని వకీలమ్మ మన కోర్టు నుంచి ఉత్తర్వు తెప్పించారు. దానికి కట్టుబడబోమని ఆ వెబ్‌సైట్ వాళ్లు జవాబిచ్చారు. ఆమె వాళ్ల సొంత నిబంధనలు ఓపిగ్గా చదివి, వాటి ప్రకారమే మళ్లీ రాశారు. ఐదో నెలలో పేజీ పోయింది. పెట్టినవాడు మాత్రం దొరకలేదు.

"సగమే అయింది బిడ్డా. అంతా అయిందని అబద్ధం చెప్ప," అన్నారు. ఆ మాటకే ఆమె మీద నాకు ఇంకా నమ్మకం కుదిరింది.

ఆఖరిసారి ఆమెను పోయిన నెల బస్సులోంచి చూశాను. ఎవరో అమ్మాయిని వెంటబెట్టుకుని ఠాణా వైపు రోడ్డు దాటుతున్నారు. ఒక చేత్తో ఆ పిల్ల మణికట్టు పట్టుకుని, రెండో చెయ్యెత్తి లారీని ఆపారు. తలొంచుకుని వెనకే నడుస్తున్న ఆ పిల్ల, రోడ్డు మధ్యకు వచ్చేసరికి ఆమె పక్కన నడుస్తోంది.