నవల్లో పడేస్తా!

మా బాబాయికి కోపమొస్తే తిట్టడు, కొట్టడు. "నవల్లో పడేస్తా!" అంటాడు. ఎంత మొనగాడైనా తోక ముడవాల్సిందే.

దుకాణాలకు బోర్డులు రాయడం ఆయన వృత్తి. మా ఇంటి కష్టాలన్నీ కలిపి తన కథనే నవలగా రాసుకోవడం వ్యసనం. బోర్డు రాస్తున్నా బుర్ర నవల మీదే ఉండేది. ఓసారి క్షౌరశాల బోర్డు మీద, పేరు కింద చక్కటి ఎర్రక్షరాలతో "మా కష్టాలు ఇక్కడే మొదలయ్యాయి" అని రాసేశాడు. మంగలి కత్తితో సహా పోట్లాటకొచ్చాడు.

"ఏంటయ్యా ఇది? గిరాకీ వస్తుందా నాకు?"

"గొంతు పెంచకు. నవల్లో పడేస్తా."

ఆ వారం బాబాయికి గడ్డం ఉచితం.

అందరికంటే ఎక్కువ భయం మా మేనత్తకి. తాతయ్య టైలరింగ్ షాపులో పెళ్లికొడుకు కోటును వేడినీళ్లలో ముంచి, పసిపిల్లాడికి సరిపోయేలా చేసిన ఘనత ఆవిడది.

"అక్కా, ఆ కోటు సంగతి..." అనేవాడు బాబాయి.

"నీకు పుణ్యముంటుంది తమ్ముడూ! టీ తాగు."

నాన్న మాత్రం నవ్వేవాడు కాదు. ఆ షాపు మంటల్లో కాలిపోయింది. దాంతో చిత్రకళ కాలేజీలో సీటొచ్చి కూడా బాబాయి చేరలేకపోయాడు. కరెంటు తీగలదే తప్పని అందరూ అనుకున్నారు.

"ఆ అధ్యాయం ఒక్కటీ వదిలెయ్యరా," అని నాన్న బతిమాలేవాడు.

"అది లేందే నవలే లేదన్నయ్యా!"

నాన్నకి అన్నం సయించేది కాదు. ఎందుకో మాకు తెలీదు.

చివరికి పుస్తకం అచ్చయి వచ్చింది. అందరం ముందుగదిలో చేరాం. అత్తయ్య పైకి చదివింది. కోటు పాడుచేసింది 'నేనే' అని రాసుకున్నాడు బాబాయి. అత్తయ్యకి ఒళ్లు మండింది.

"నేనెక్కడా లేనా? మరి ఇన్నేళ్లూ నీకు టీలెందుకు పోశాన్రా?"

తర్వాత మంటల అధ్యాయం. ఇస్త్రీపెట్టె ఆపకుండా ఆట చూడ్డానికి పోయింది కూడా 'నేనే'నట.

నాన్న లేచి నిలబడ్డాడు. "అబద్ధం! ఆ పోయింది నేను! నాన్నకి చెప్పే ధైర్యం లేకపోయింది. నా మూలంగానే షాపు పోయింది, వీడి చదువూ పోయింది!"

బాబాయి చెవి మీది పెన్సిలు సర్దుకున్నాడు.

"రచయితవి నువ్వా, నేనా? నవలకి ఒక్క దోషి చాలన్నయ్యా. ఇంటిల్లిపాదీ దోషులైతే చదివేవాళ్లు తికమకపడరూ?"

"జరిగింది అది కాదు కదరా!"

"అక్కా, పేజీ తిప్పు."

తిప్పింది. మంటల్లోకి దూకి తాతయ్యని భుజాన వేసుకుని బయటికి తెచ్చింది అన్నయ్య, అని ఉంది.

"ఇది జరిగిందేగా?" అన్నాడు బాబాయి. "నీ గురించి నవల్లో పడేసింది అదొక్కటే."

నాన్న పుస్తకం లాక్కుని, ఆ పేజీ మళ్లీ మళ్లీ చదువుకున్నాడు. ఆయన ముఖం అంత తేలికపడగా నేనెన్నడూ చూడలేదు. బాబాయంటే నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను.

అత్తయ్య ఊరుకుంటుందా? "మరి నేను చేసిన మంచిపనేదిరా?"

"గుర్తు రావడం లేదక్కా," అన్నాడు బాబాయి తాపీగా. "ముందు టీ పొయ్యి, చూద్దాం."