నర్సవ్వ రొట్టె మీది గీత

సూరత్‌లోని పాండేసరలో, బట్టలకు రంగులద్దే డైయింగు మిల్లులు వదిలే వేళకు నర్సవ్వ రొట్టెల బండి ముందు మన తెలుగువాళ్లు గుమిగూడతారు. ఆమె అప్పడాల కర్ర ముట్టదు. జొన్నపిండి ముద్దను పళ్లెంలో పెట్టి అరచేత్తో తట్టుతూ తిప్పుతుంటే రొట్టె తనంతట తానే పెరుగుతున్నట్టు ఉంటుంది. ఆ చప్పుడుకు దారిన పోయే గుజరాతీలు కూడా ఆగి చూస్తారు. నర్సవ్వ దర్జా అంతా ఆ అరచేతిలోనే ఉంది.

అలాంటి చెయ్యి నిరుడు కాలింది. పొయ్యి మీది పెనం జారుతుంటే ఆలోచించకుండా కుడిచేత్తో పట్టేసింది.

కట్లు కట్టించుకుంది, పుండు మానింది, ఎర్రటి కొత్త చర్మం వచ్చింది. ఇక భయం లేదన్నారందరూ. మగ్గాల మీద పనిచేసే భర్త సోమలింగం మాత్రం చెయ్యి కదలనివ్వలేదు.

"కదిలిస్తే మళ్ల పగులుతది. బండి నేను చూస్కుంటగా" అంటూ అరచేతిలో గుడ్డ ఉండ పెట్టి పిడికిలి కట్టేశాడు. ప్రేమతో చేసిన పనే.

కొన్నాళ్లకు కట్టు విప్పితే నడిమి వేళ్లు రెండూ సాగలేదు. అరచేతిలో తాడులాంటి మచ్చ లేచి వాటిని లోపలికి గుంజుతోంది. నర్సవ్వ ఆ చేతిని కొంగులో దాచుకుంది. పిడికిలితో రొట్టె తట్టేదెట్లా?

పక్కపేట ఉధ్నాలో ఉదయశ్రీ అనే తెలుగు డాక్టరు ఉందని తెలిసి ఇద్దరూ వెళ్లారు.

"మానిన పుండు ఎందుకు గుంజుతది బిడ్డా?"

"పైకి మానింది పెద్దమ్మా, లోపల పని ఇంకా నడుస్తోంది. చర్మంలో ఫైబ్రోబ్లాస్టులనే కణాలుంటాయి. గాయం కాగానే అవి చేరి, పోగులు అల్లి పూడుస్తాయి, అంచుల్ని దగ్గరికి లాగుతాయి. అవి లేకపోతే పుండే మానదు. కానీ ఆ లాగడం నెలల తరబడి ఆపవు. మీరు పిడికిలి కట్టి వాటి పని సులువు చేశారు."

సోమలింగం మొహం పాలిపోయింది. "మగ్గం లెక్క బందు చెయ్యరాదా డాక్టరమ్మా?"

"వాటికి స్విచ్చు లేదు బాబాయ్" అని నవ్వింది ఉదయశ్రీ. "ఎదురు లాగాలి. రోజూ చెయ్యి చాపాలి, మచ్చను నూనెతో రుద్దాలి, పడుకునేటప్పుడు ఈ పట్టీతో వేళ్లు చాపి కట్టాలి. సాగకపోతే ఆపరేషనే."

"మచ్చ పోతదా?" అడిగింది నర్సవ్వ.

"మెత్తబడుతుంది. పూర్తిగా పోదు."

"ఉండనియ్. నా చెయ్యి పరుచుకుంటే సాలు."

ఆ రోజు నుంచి నర్సవ్వ రొట్టెల పళ్లెం బోర్లించి దాని మీద చెయ్యి ఆనించేది. పైన సోమలింగం తన చెయ్యి పెట్టి నొక్కేవాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగితే అతనే ముందు వదిలేసేవాడు.

"గింత మెత్తగ నొక్కితే ఎట్లయ్యా? ఆ కణాలు నీకన్న మొండియి. నా కోసమే కష్టపడుతున్నయి, కాని ఏడ ఆపాల్నో తెల్వది. మనమే చెప్పాలె" అనేది.

బండి దగ్గర సోమలింగం కర్రతో రొట్టెలు రుద్దుతుంటే మిల్లు పనివాడు సాయికుమార్ ఊరుకునేవాడు కాదు. "సోమన్నా, గిది రొట్టెనా, సూరత్ మ్యాపా?"

వానలు వెలిశాక ఒక సాయంత్రం నర్సవ్వ బండి దగ్గరికి వచ్చి, మొగుడి చేతిలోంచి పళ్లెం లాక్కుంది. వేళ్లు పూర్వంలా వెనక్కి వంగలేదు గాని, అరచెయ్యి పిండి మీద పరుచుకుంది. చప్పుడు మొదలవగానే వరుసలోవాళ్లు మెడలు చాచి చూశారు.

రొట్టె అందుకున్న సాయికుమార్ దాన్ని తిప్పి చూశాడు. "అక్కా, గీ గీతేంది? పగిలిందా?"

నర్సవ్వ కొంగు పక్కకు తోసి, అందరికీ కనబడేలా చెయ్యి చాపింది. అరచేతిలో ఉబ్బిన మచ్చ, రొట్టె మీద లోతుగా గీత.

"నా ముద్ర అది. ఏ బండి మీద దొరుకుతదో తిరిగి సూస్కో!"

ఇప్పుడు రద్దీ ఎక్కువైతే సోమలింగం చాటుగా ఒకటో రెండో కర్రతో రుద్దేస్తాడు. సాయికుమార్ మాత్రం మోసపోడు.

"గిది సోమన్న చేసింది. గీత లేదు. వాపస్ తీస్కో."

నర్సవ్వ నవ్వు ఆపుకోలేక, ఇంకో ముద్ద పళ్లెంలో పెట్టి అరచెయ్యి చాపుతుంది.