మా ఆయన పెట్టని గీతలు

ఆ రోజుల్లో మా ఆదోనిలో ఇంగ్లీషు ఉత్తరం రాయగలిగినవాడు వస్తున్నాడంటే అరుగు మీద కూర్చున్నవాళ్ళు కూడా జరిగి చోటిచ్చేవాళ్ళు. ఆ ఉత్తరంలో తప్పులున్నాయా లేవా అని చూసే తీరిక గానీ, చూసినా కనుక్కునే చదువు గానీ ఎవరికీ ఉండేది కాదు, ఒక్క మా నాయనకు తప్ప. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే మా నాయనకు పిల్లలు పెట్టిన పేరు గీతల సారు. (కొత్తగా వచ్చినవాళ్ళు డ్రాయింగు సారేమో అనుకొని, కూతురి బొమ్మ గీసివ్వమని అడిగిన రోజులు కూడా ఉన్నాయి.) ఇంగ్లీషులో రెండు మాటల మధ్య పెట్టే పొట్టి గీత హైఫన్, వాక్యం మధ్యలో పెట్టే పొడుగు గీత డాష్. ఈ రెంటికీ తేడా తెలియని మనిషి మీద ఆయనకు నమ్మకం కుదిరేది కాదు. "పొట్టిది మాటల్ని కలుపుతాది, పొడుగుది మాటను ఆపుతాది. కలపాల్సిన చోట ఆపేటోడు, ఆపాల్సిన చోట కలిపేటోడు సంసారమేం జేస్తాడు?" అనేవాడు. నన్ను ఎనిమిదో తరగతితో బడి మానిపించారు గానీ, సాయంత్రాలు ఆయన పంచలో పిల్లలకు ప్రైవేటు చెప్తుంటే, వంటింట్లో జొన్నరొట్టెలు తడుతూ ఆ పాఠాలన్నీ నేనూ వినేదాన్ని. డబ్బిచ్చి కూర్చున్న ఆ పిల్లలకంటే రొట్టెల దగ్గర కూర్చున్న నాకే ఎక్కువ వచ్చిందని ఇప్పటికీ నా అనుమానం.

నాకు పదిహేడేళ్ళు వచ్చి సంబంధాలు చూడటం మొదలుపెట్టాక నాయన ఒక షరతు పెట్టాడు. పిల్లవాడు తన గురించి ఇంగ్లీషులో ఒక పేజీ ఉత్తరం సొంతంగా రాసి పంపాలి. జాతకం ఆ తర్వాత. అమ్మ తల బాదుకుంది. సంబంధాలు వెతికే పని మా అమ్మ తమ్ముడిది. మామ గూడూరు నుంచి తెచ్చిన మొదటి ఉత్తరం నిండా డాషులే. "వీనికి ఆయాసముంది, రెండు మాటలకోసారి ఆగుతాండాడు" అని నాయన దాన్ని పక్కన పడేశాడు. పెద్దకడుబూరు పిల్లవాడు తాను నల్లమలలో మనుషుల్ని తినే పులిని చూశానని గొప్పగా రాశాడు గానీ, మ్యాన్, ఈటింగ్ అన్న రెండు మాటల మధ్య పొట్టి గీత మరిచాడు. గీత లేకపోతే ఇంగ్లీషులో అది పులిని తింటున్న మనిషి అయిపోతుందట. "పులిని తినే ఇంటికి బిడ్డనిస్తే, అది రోజూ కూరకేం జేస్తాది?" అని నాయన. "వాళ్ళింట్లో ఉల్లిగడ్డ గూడా ముట్టరంట గదరా!" అని మా అవ్వ నోరు తెరిచింది. ఆ సంబంధమూ పోయింది.

మూడో ఉత్తరం ఎమ్మిగనూరు నుంచి వచ్చింది. మామ దాన్ని తెచ్చేసరికి మిట్టమధ్యాహ్నం, నాయన బడిలో ఉన్నాడు. "ఆడ బడిలో లెక్కల సారు పాపా. శానా మంచోడు. ఇది గూడా పోయిందంటే నేనింక ఏ ఊరికీ పోను, సెప్తాండా" అని ఉత్తరం బల్ల మీద పెట్టి అన్నానికి కూర్చున్నాడు. నేను విప్పాను. (విప్పకూడదు. విప్పాను.) అందులో, వచ్చే అమ్మాయికి చదువుకోవాలని ఉంటే తన దగ్గర పెట్టెడు పుస్తకాలున్నాయనీ, కాకపోతే చాలావరకు లెక్కలవేననీ, అందుకు క్షమించమనీ రాసి ఉంది. చివర, "నాకు ఆస్తి లేదు అమ్మ ఉంది" అన్న అర్థం వచ్చే వాక్యం. ఆ వాక్యం దగ్గర నా మనసు నిలిచిపోయింది. కానీ పేజీ మొత్తంలో ఒక్క గీత లేదు! ట్వంటీ ఫోర్ దేనికది విడిగా ఉంది. ఫాదర్ ఇన్ లా మూడు ముక్కలై పడి ఉంది. నాయన చూస్తే ఈ మనిషి కూడా పోయినట్టే. నేను నాయన పేనా తీసుకున్నాను. ట్వంటీకీ ఫోర్‌కూ ముడేశాను. మామగారి మూడు ముక్కలూ కలిపాను. అప్పటి పద్ధతి ప్రకారం టు-డే మధ్య కూడా గీత పెట్టాను. ఆస్తికీ అమ్మకూ మధ్య ఊపిరి బిగబట్టి ఒక పొడుగు డాష్ గీశాను.

సాయంత్రం నాయన ఆ ఉత్తరం చదివి అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆస్తి లేదు, అని ఆగినాడు సూడు! ఆగి, అప్పుడు అమ్మ ఉంది అన్నాడు. ఈ డాష్ పెట్టినోడు మామూలోడు కాడు." నేను రొట్టె మాడబెట్టాను.

ఆదివారం పెళ్ళిచూపులు. పెట్రోలు దొరకని యుద్ధం రోజులు కాబట్టి, బొగ్గుతో నడిచే బస్సులో వచ్చిన పెళ్ళికొడుకు తెల్ల చొక్కా బూడిదరంగుకు తిరిగింది. నేను బొరుగుల ఉగ్గాని పళ్ళెం పట్టుకొని వచ్చేసరికి నాయన నన్ను చూపించాల్సిందిపోయి ఉత్తరాన్ని చూపిస్తున్నాడు. "ఏమప్పా, ఈడ ఈ గీత పెట్టాలని నీకెట్ల తోచింది?"

పెళ్ళికొడుకు ఉత్తరాన్ని దగ్గరగా పెట్టుకొని పై నుంచి కింది దాకా చూశాడు. "సార్, ఈ మైనస్సులు నేను పెట్టలేదు" అన్నాడు.

"మైనస్సులా!" నాయన ముఖం ఎర్రబడింది. మామ వైపు తిరిగాడు. "నాకు తెలుగే సరిగ్గా రాదు బావా!" అని మామ రెండు చేతులూ ఎత్తేశాడు. ఇంక ఆ ఇంట్లో హైఫన్‌కూ డాష్‌కూ తేడా తెలిసినవాళ్ళెవరు? నేను పళ్ళెం బల్ల మీద పెట్టేసి వంటింటి వైపు తిరిగాను.

"నువ్వా పాపా?"

తలూపాను. భూమిలోకి దిగిపోయే దారి కనిపిస్తే దిగిపోయేదాన్ని. నాయన ఉత్తరం మీదికి వంగి వేలితో ఒక్కొక్క గీతా తడుముతూ పోయాడు. "పదకొండు" అన్నాడు చివరికి. "పదకొండూ పెట్టాల్సిన చోటే పెట్టింది." ఆ గొంతులో కోపముందో ఇంకేముందో నాకు అర్థం కాలేదు.

"ఇంటి ముందర ముగ్గు పెట్టమంటే ఒక్క గీతా సక్కంగా రాదు, ఈ ముండకు!" అంది అవ్వ. పెళ్ళికొడుకు పక్కున నవ్వి, నావైపు మొదటిసారి చూశాడు. "సార్, నాకైతే ఇబ్బందేం లేదు. లెక్కలు నేను జూసుకుంటా, గీతలు ఆమె పెడుతుంది" అన్నాడు.

నాయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత బింకంగా, "నెలకొక ఉత్తరం ఇంగ్లీషులో రావాల. ఎవరు రాసినా సరే" అన్నాడు. అమ్మ ఆ మాట పట్టుకొని వెంటనే పసుపు కుంకుమలు తెచ్చేసింది.

పెళ్ళయి ఎమ్మిగనూరు వెళ్ళాక మొదటి నెల ఉత్తరం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. వీధిలో మగ్గాల చప్పుడు గురించీ, అత్తగారి గురించీ, ఆయన బడి గురించీ రాశాను. రాసింది చించి మళ్ళీ రాశాను. జవాబుగా నాయన దగ్గర నుంచి కార్డు వచ్చింది, తెలుగులో. "తప్పులు లేవు. అందరూ ఎట్లుండారో రాసినావు, నువ్వెట్లుండావో రాయలేదు. ఇంక నుంచి తెలుగులో రాయి పాపా. ఎట్ల రాసినా నేను దిద్దను."

ఆ సాయంత్రమే కూర్చొని నాలుగు పేజీలు రాశాను. చుక్కలు లేవు, కామాలు లేవు, ఏడుపు మాత్రం ఉంది. నాయన మాట నిలబెట్టుకున్నాడు. (ఆ ఉత్తరం చదివేటప్పుడు ఎర్రసిరా బుడ్డిని అటక మీద పెట్టించుకున్నాడని అమ్మ తర్వాత చెప్పింది.) మూడు రోజులు గీతలు చూసుకుంటూ, ఇంటి మీద బెంగగా ఉందన్న ఒక్క మాట రాయడం మరిచిన ఆ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని తల నిమరాలని కూడా అనిపిస్తుంది.