పట్టాల్లేని ఊరికి అమెరికా రైలు

మా మామగారి ఊరికి నేను రైలు తెప్పించాను. పట్టాలు లేవు, గేటు లేదు, టికెట్టు లేదు. ఆ రైలు దెబ్బకు పొద్దుగూకితే ఊరంతా తలుపులు బిగించుకునేది. చేతికొచ్చిన పంట మట్టిలో కలిసిపోబోయింది. నా పరువైతే కలిసే పోయింది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, మీరూ నవ్వుకోండి. నాకు అలవాటే.

ఉరవకొండలో నాది సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి. బేరాల్లేని మధ్యాహ్నాల్లో వీడియోలు చూసిచూసి నాకు పాత అమెరికా రైళ్ల పిచ్చి పట్టింది. డీజిల్ ఇంజన్లు వచ్చి తుక్కులోకి తోసేయక ముందు అక్కడి కొండల్లో బొగ్గు లాగిన ఆవిరి ఇంజన్లు అవి. వాటి కూత ఒక గొంతుతో రాదు. నాలుగైదు గొంతులు కలిసి, శవం వెనక నడిచే ఆడవాళ్ల ఏడుపులా వస్తుంది. రెండు పొడుగు కూతలు, ఒక పొట్టి కూత, మళ్లీ ఒక పొడుగు కూత వేస్తే 'గేటు దాటుతున్నాను, తప్పుకోండి' అని అర్థం. ఇదంతా మా ఆవిడకు వివరిస్తే "అన్నం తిను" అనేది.

వజ్రకరూరు దగ్గర మామకు వేరుశనగ చేను ఉంది. కాయ గట్టిపడే వేళకు అడవిపందులు పడ్డాయి. పక్క చేలవాళ్లు మైకులో కుక్క అరుపులు పెడితే, పందులు వాటిని కచేరీలా వింటూ మేశాయి.

"నేను చూసుకుంటా మామా" అన్నాను.

"నువ్వు చూసుకుంటా అంటేనే నాకు బయమేస్తాది అల్లుడా" అన్నాడాయన.

సోలారు పలకతో చార్జింగయ్యే చిన్న స్పీకరులో ఆవిరి ఇంజను శబ్దం ఎక్కించాను. మోటారుసైకిళ్లకు పెట్టే దొంగల అలారం ముక్కను దానికి కలిపాను. కదిపితే మోగుతుంది, కదలిక ఆగితే ఆగుతుంది. దాన్ని కంచె తీగకు కట్టి రేగుపొదలో దాచాను. మామకు కూడా చెప్పలేదు. ఆయన్ని ఆశ్చర్యపరచాలని నా ఆశ.

పందులు పోయాయి. వాటి వెనకే మనుషులూ పోయారు.

గాలికి తీగ ఊగినా రైలు వచ్చేది. ఎటు చూసినా ఎర్రమట్టి, రాళ్లు, గాలిమరలు. రైలు చూడాలంటే గుంతకల్లు పోవాలి. అలాంటి చోట, మసక చీకట్లో, ఉత్త నేల మీద ఆ ఏడుపు లేచేది. ఇంజను రొప్పుతూ దగ్గరదగ్గరగా వచ్చి ఉన్నట్టుండి తెగిపోయేది. గొర్రెలు మేత మాని, అన్నీ ఒకే వైపు చూస్తూ నిలబడిపోయేవట.

కూలీలను పిలుచుకొచ్చే నారాయణమ్మ మామ ఇంటికొచ్చి చెప్పింది. "దొరల కాలంలో వజ్రాలకని గుంతలు తవ్వి, మన్ను పడి సచ్చినోళ్లుండారు కదప్పా. వాళ్లను ఎక్కించుకోను వస్తాందంట. ఆ చేనికి మేము రాము."

"పట్టా ల్యాకుండా రైలెట్ల వస్తాది?" అన్నాడు మామ.

"పట్టా బతికినోళ్లకు కావాల. సచ్చినోళ్లకెందుకు?"

నేను పక్కనే కూర్చుని మజ్జిగ తాగుతున్నాను. అప్పుడే చెప్పేయొచ్చు కదా అంటారు మీరు. ఆవిడ మొహం చూసి ఉంటే మీరూ మజ్జిగే తాగేవారు.

అంతలో వాన పడింది. కాయ పీకడానికి ఆ తడే పదును. మామ కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. "నేల ఆరితే చెట్టు చేతికొస్తాది, కాయ మన్నులోనే ఉంటాది" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

తెల్లవారగానే చేనికి పోయాను. మంచు కమ్మి ఉంది. పలక తీగ పీకేసి, స్పీకరును అలారంతో సహా గొంగడిలో చుట్టి, సంచిలో వేసి వీపున తగిలించుకున్నాను. చుట్టేటప్పుడు ఒక కూత వేసి ఆగింది, పలక పీకాను కదా, అదే ఆఖరిదనుకున్నాను. లోపల బ్యాటరీ ఉంటుందన్న సంగతి, సెల్‌ఫోన్లు బాగుచేసే నాకు, తట్టలేదు.

తిరుగుదారిలో, ఆ మంచుకు గాలిమరలకు కాళ్లే ఉన్నాయి, తలల్లేవు. మంచులోంచి ఒక రెక్క నిశ్శబ్దంగా దిగి, నన్ను చూసినట్టే ఆగి, మళ్లీ పైకి పోయింది. అప్పుడు వెనక ఎక్కడో దూరంగా కూత వినిపించింది. ఆగాను. అదీ ఆగింది. అడుగు వేశాను. అదీ కదిలింది. ఇంజను రొప్పు నా అడుగుతో కలిసి నడుస్తోంది. వెనక్కి చూస్తే తెల్లటి మంచు, నా చెప్పుల గుర్తులు, అంతే. పరుగు తీశాను. రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్లీ పొడుగు. దాని అర్థం ఈ జిల్లాలో తెలిసిన దౌర్భాగ్యుణ్ని నేనొక్కణ్నే.

మామ రాత్రంతా బతిమాలితే వచ్చిన కూలీలు చేని గట్టున బెదురుతూ నిలబడి ఉన్నారు. నేను మంచులోంచి చెప్పుల్లేకుండా ఊడిపడ్డాను.

"రైలొస్తాంది, పట్టాలు దిగండి" అని అరిచాను.

అందరూ కాళ్ల కిందికి చూసుకున్నారు. బురద. అయినా ఎందుకైనా మంచిదని ఇద్దరు పక్కకు దిగారు. వాళ్లలో ఒకాయన మామ.

నారాయణమ్మ మాత్రం నా సంచి పట్టుకుంది. "ఆగు" అంది. ఆగాను. రైలూ ఆగింది. సంచిని ఒకసారి ఊపింది. రైలు కూత వేసింది.

"అల్లుడా, రైలు నీ ఈపునే ఉండాది కదప్పా."

ఆ నవ్వులు గుంతకల్లు దాకా వినిపించి ఉంటాయి. పదును ఆరకముందే కాయంతా పీకారు, నాచేత కూడా పీకించారు. సాయంత్రం మామ కాయ కుప్ప పక్కన కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా, "పందులు మళ్ల రాల్యా. యాడికి పోయినాయో" అన్నాడు.

"ఎక్కిపోయింటాయిలే" అంది నారాయణమ్మ. ఆవిడ నవ్వలేదు.

కనుక గాలిమరల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దేశపు ఇంజన్నూ ఏ పొదలోనూ దాచను. ఎప్పుడైనా ఖర్మకాలి వెనక రైలు వినిపిస్తే, ముందు సంచి దించుకుని, ఆ తర్వాతే పరుగెత్తుతాను.