నారాయణయ్య గొలుసు కట్టు

నారాయణయ్యకు మనుషుల మీద అనుమానం లేదు. ఆయన అనుమానమంతా సైకిళ్ల మీదే. కాస్త ఏమరుపాటుగా ఉంటే అవి వాటంతట అవే పికప్ బండి దిగి ఎవరి వెంటనో వెళ్లిపోతాయని గట్టి నమ్మకం.

ఆత్మకూరులో పాత సైకిళ్లు ఎక్కించుకుని ఉదయగిరిలో మాధవ్ అంగడికి చేర్చడం ఆయన పని. ఎక్కించడం చిటికెలో అయిపోతుంది. కట్టడమే పెద్ద తతంగం. ప్రతి సైకిల్ నడిమి ఫ్రేములోంచీ గొలుసు దూర్చి బండి కొక్కేనికి తాళం వేస్తాడు. ఆపైన ఎద్దుల పగ్గంతో బిగిస్తాడు. ఆపైన గొర్రెల మెడలో కట్టే గంటలు వేలాడదీస్తాడు. ఉదయగిరి కొండమీద కోట కట్టినవాళ్లు ఈయన్నొక మాట అడిగి ఉంటే, పాపం, అది అన్నిసార్లు చేతులు మారేది కాదు. అప్పటికీ మనసు కుదుటపడక సీట్లన్నీ ఊడబీకి తన పక్కన పెట్టుకుంటాడు.

"సీట్లెందుకు మామా?" అని మాధవ్ ఒకసారి అడిగాడు.

"ఎత్తకపొయ్యే నాయాలు ఇంటిదాకా నిలబడే తొక్కాలిరా!"

దారిలో టీకి ఆగినప్పుడు గాలికి గంట కదిలినా గ్లాసు వదిలేసి పరుగే. ఒకసారి బండెక్కిన మేకను పట్టుకుని "నిన్ను ఎవురు పంపించినారు?" అని నిలదీశాడట. ఆయన భార్య కామాక్షమ్మనడిగితే ఇంకో మాట చెబుతుంది: "తాళి కట్టినప్పుడు గూడా ముడి లాగి చూసినాడు, ఈ మనిషి!"

అనంతసాగరం సుబ్బన్న సైకిల్ రిపేరులో మంచి పనిమంతుడు. కానీ ఒక సైకిల్ దొంగిలించి, పట్టుబడి, జైలుకు వెళ్లొచ్చాడు. అప్పటి నుంచి ఎవరూ పనివ్వలేదు. మాధవ్ కూడా "చూస్తాంలే" అని పంపేశాడు. చివరికి సుబ్బన్న ఊరొదిలి పోతున్నాడని ఆత్మకూరంతా తెలిసింది.

ఆ పొద్దున సరుకు చూసుకోవడానికి మాధవ్ కూడా బండిలో ఉన్నాడు. ఆత్మకూరు బస్టాండు దగ్గర హోటలు ముందు నారాయణయ్య బండి ఆపాడు. సుబ్బన్న సంచితో బస్సు కోసం నిలబడి ఉన్నాడు.

"ఏడికిరా సుబ్బన్నా?"

"మెడ్రాసుకు పోతాండానన్నా. ఈడ నన్ను చూస్తే జనం సైకిళ్లు ఇంట్లోకి నెట్టుకుంటాండారు."

"పోదువులే గానీ, నా కట్టు చూడు. నువ్వయితే ఎట్టా ఎత్తకపోతావు?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. సుబ్బన్న తలొంచుకునే బండి చుట్టూ తిరిగి, ఒకచోట ఆగాడు.

"ఏందన్నా ఇది? ఈ చివరిదానికి గొలుసు చక్రంలోంచి పోయిండాది. చక్రం ఊడదీసి ఈడనే పెట్టి, మిగతాది ఎత్తకపోతారు."

"అట్టనా! ఇంద, సరిచెయ్యి."

తాళాల గుత్తి అందరూ చూస్తుండగా సుబ్బన్న చేతిలో పెట్టి, మాధవ్‌ను లోపలికి లాక్కెళ్లి దోసెలు చెప్పాడు నారాయణయ్య.

మాధవ్ దోసె తుంచి, నోట్లో పెట్టుకోకుండా గుమ్మం వైపే చూస్తున్నాడు. బయట గంటలు ఘల్లుమన్నాయి.

"మామా, గంటలు!"

"వినబడతాండాయిలేరా. కారప్పొడి ఇట్టా జరుపు."

మేకను కూడా నమ్మని మనిషి వెనక్కి తిరిగైనా చూడలేదు! మాధవే బయటికి ఉరికాడు. సుబ్బన్న గొలుసు సరిగ్గా దూర్చి, తాళం వేసి, లాగి చూస్తున్నాడు. ఇందాక నవ్వినవాళ్లే "ఆ పక్కది గూడా చూడు సుబ్బన్నా" అంటున్నారు. ఒకాయన తన సైకిల్ నడిపించుకొచ్చి, "దీనికి బ్రేకు పడటంలే, చూస్తావా?" అని అతని చేతికే ఇచ్చాడు.

మాధవ్ మెల్లగా లోపలికొచ్చి కూర్చున్నాడు.

"మామా, ఇన్నేళ్లలో ఎప్పుడన్నా చక్రంలోంచి గొలుసు వేసినావా నువ్వు?"

"వయసైపోతాండాది గదరా. కళ్లు ఆనడంలే."

అంటూనే మాధవ్ ప్లేటులో చట్నీ చాటున నక్కిన దోసె ముక్కను గురిచూసి లాక్కున్నాడు.

మాధవ్ గుమ్మంలోకొచ్చి కేకేశాడు. "సుబ్బన్నా! బస్సు పోతే పోనీ. ఉదయగిరికి పోదాం, అంగట్లో పనుండాది. నీ సంచి బండిలో పెట్టు!"

సుబ్బన్న ఒక్క అంగలో బండెక్కాడు. సంచిని సైకిళ్ల మీద పెట్టాడు.

లోపలి నుంచి నారాయణయ్య అరుపు వినిపించింది:

"ఊరికే పెట్టబాకరా! గొలుసులో దూర్చి తాళమెయ్యి!"