నాయిన ముక్కు, నిన్నటి పులుసు

మా నాయిన ముక్కు గురించి చెప్పకుండా మేము సముద్రం చూడబోయిన సంగతి చెప్పడం కుదరదు. అది మామూలు ముక్కు కాదు. రుద్రారంలో బస్సు దిగి నిలబడితే చాలు, సంగారెడ్డిలో ఎవరింట్లో మెంతికూర వేగుతోందో, అందులో ఎల్లిపాయ రెబ్బలు ఎన్ని పడ్డాయో చెప్పగలిగిన ముక్కు. నేను ప్రతిదీ పెంచి చెబుతానని ఇంట్లో నా మీద ఒక అపవాదు ఉంది. సరే, తగ్గిస్తాను. ఎల్లిపాయ రెబ్బల దగ్గర ఒకటి అటూ ఇటూ అయ్యేది.

మా ఊళ్లో పెళ్లయినా, దావతైనా, పెద్ద డేగిస పొయ్యెక్కిందంటే నాయినకు పిలుపొచ్చేది. ఆయన భుజం మీది తువ్వాల సర్దుకుని డేగిసకు నాలుగడుగుల దూరంలో కళ్లు మూసుకుని నిలబడేవాడు. మూత తీయనిచ్చేవాడు కాదు. వంటవాళ్లు గరిటెలు పట్టుకుని, చుట్టాలు కడుపులు పట్టుకుని ఎదురుచూసేవారు. కాసేపటికి ఆయన, "ఇగ దించుర్రి" అనేవాడు. దించేవారు. మటన్ ఎప్పుడూ అంతకంటే ఒక్క నిమిషం ముందు ఉడికింది లేదు, ఒక్క నిమిషం తర్వాత అడుగంటింది లేదు. మందుల ఫ్యాక్టరీలో ఆయన చేసేది డ్రమ్ములు నింపే పని. జీతం ఆ డ్రమ్ములు తెచ్చేవి. ఊళ్లో మర్యాద మాత్రం ముక్కు తెచ్చేది.

ఈ ముక్కుకు భూప్రపంచంలో ఒకే ఒక్క శత్రువు ఉండేవాడు. మా మేనమామ. అమ్మకు తమ్ముడు. పొయ్యి పక్కన ఆ నాలుగడుగుల చోటు తనదేనని, బావ కబ్జా చేశాడని ఆయన నమ్మకం. "బావా, నీ ముక్కుది ఏం లేదే. గాలి గటు తిరిగింది, నీ అదృష్టం" అని ప్రతి దావతులోనూ అనేవాడు. నాయిన, "గాలి నా ఇంటి ఆడిబిడ్డ బామ్మర్దీ, నేను రమ్మంటె వస్తది" అనేవాడు. పన్నెండేళ్లుగా మామ ఆ ముక్కు ఒక్కసారి తప్పుతుందేమోనని కాచుకుని కూర్చున్నాడు.

తొంభైల చివర్లో ఫ్యాక్టరీ వాళ్లు సెలవిచ్చి రైలు చార్జీలు కూడా ఇస్తామనేసరికి, నాయిన విశాఖపట్నం అన్నాడు. అమ్మ, నాయిన, అప్పుడే ఐటిఐ ముగించి ఏ పనీ లేకుండా మహా బిజీగా ఉన్న నేను. ముగ్గురమే. స్టేషన్‌కు వెళ్లేసరికి మామ మాకంటే ముందే వచ్చి ప్లాట్‌ఫారం మీద సంచీ మీద కూర్చుని ఉన్నాడు. "మా అక్క సముద్రంల కొట్టుకపోతె పట్టుకునెటోడు ఒకడుండాలె గదా" అన్నాడు.

లాడ్జి కిటికీ తెరవగానే అమ్మ, "ఏందిరా, గాలి ఖాళీగున్నది?" అంది. మా దిక్కు గాలి ఎప్పుడూ ఖాళీగా ఉండదు. సాయంత్రమైతే ఏదో ఒక ఫ్యాక్టరీ నుంచి ఏదో ఒక ఘాటు వచ్చి ఇంట్లో చుట్టంలా కూర్చుంటుంది. హైవే మీద పోయే బస్సులోవాళ్లు కొంగులు, రుమాళ్లు అడ్డం పెట్టుకుంటారు. మేము మాత్రం ఆ గాలిలోనే పప్పు తాలింపు వేసుకుంటాం.

మొదటి రెండు రోజులు హోటళ్లలో తిన్నాం. ఎన్ని హోటళ్లని చెప్పను? బీచి రోడ్డులో మేము కాలు పెట్టని హోటలు ఒక్కటే మిగిలి ఉంటుంది, అదీ అప్పటికింకా కట్టనిది. సర్వరు వచ్చి వంజరం, చందువ, రొయ్యలు, పీతలు అంటూ స్టేషన్లో రైళ్ల పేర్లు చదివినట్టు చదివేవాడు. మామ అన్నీ విని, "జొన్నరొట్టె లేదా?" అని అడిగేవాడు. లేదనగానే, "గింత పెద్ద సముద్రం పెట్టుకొని రొట్టె లేదా!" అని ఆశ్చర్యపోయేవాడు.

ఆ రెండు రోజుల్లో ఒక వింత జరిగింది. పెళ్లయిన నాటి నుంచీ ఇంట్లో అందరూ లేచాక గిన్నె అడుగున మిగిలింది తిన్న మా అమ్మ, హోటల్లో విస్తరి పడగానే అందరికంటే ముందు తిన్నది. నాయిన చెయ్యి కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, అమ్మ మొదటి ముద్ద మింగేదాకా కూర్చునేవాడు. "సముద్రం గాలికి మా అక్కకు ఆకలి లేసింది" అని మామ నవ్వాడు. నేనూ నవ్వాను. అమ్మ ఒక హోటల్లో రొయ్యల కూర నోట్లో పెట్టుకుని వెంటనే నీళ్లు తాగింది. నాయిన ఆ కూర వైపు తల తిప్పకుండానే, "ఇది తీస్కపోవయ్యా, మాడింది" అన్నాడు. సర్వరు బిత్తరపోయాడు. మామ నోరు మూసుకున్నాడు. నేను నా తండ్రిని చూసి గర్వపడ్డాను. ఆ మూడు సంగతులూ అప్పుడు నాకు పట్టాయి, అమ్మ నీళ్లు తాగిన సంగతి మాత్రం పట్టలేదు.

మూడో రోజు శనివారం. శనివారం అమ్మ ఒక్కపొద్దు ఉంటుంది, నీసు వాసన కూడా పడదు. రెండు అరటిపళ్లు తిని లాడ్జిలోనే ఉంటానంది. వెంటనే నాయిన, "నేను గూడ ఇయ్యాల ఒక్కపొద్దుంట" అన్నాడు.

మామ కడుపు పట్టుకుని నవ్వాడు. "బావా, పోయిన శనివారం మా ఇంట్ల బోటి తిని, ఎముకలున్నయా అని అడిగినవు. ఇయ్యాల దేవుడు యాదికచ్చిండా? నడువు. రేవు కాడ ఒక హోటలున్నదట, చాపల పులుసు అంటె అదేనట."

నాయిన తలనొప్పి అన్నాడు. కాలు బెణికిందన్నాడు. చొక్కా ఆరలేదన్నాడు. మామ తన చొక్కా ఇచ్చాడు.

నేను చెప్పులు వేసుకుంటుంటే అమ్మ నన్ను మెట్ల దగ్గరికి లాగింది. గొంతు తగ్గించి, "మీ నాయినకు వాసన తెలుస్తలేదురా" అంది. "నాలుగేండ్లాయె. ఆ డ్రమ్ముల కాడ పోయిందో, ఊకెనే పోయిందో. ఉప్పు, కారం, పులుపు నాలికకు తెలుస్తయి. వాసన మాత్రం ఇంత గూడ రాదు."

నాకు అర్థం కాలేదు. "మరి దావతులల్ల?"

"నేను ఆడోళ్లల్ల ఉల్లిగడ్డలు కోసుకుంట కూసుంట గదా. కూర అయిందనంగ పీట జరుపుత. ఆ చప్పుడుకు దించుమంటడు."

నాలుగేళ్లుగా ఊరంతా నాయిన ముక్కు మీద తిన్న మటనంతా మా అమ్మ పీట కింది నుంచి వచ్చిందన్నమాట.

"ఇయ్యాల నువ్వు ముందుగాల తిను. బాగుంటె ఇంకో ముద్ద కలుపుకో. లేకుంటె నీళ్లు తాగు. నాయిన నిన్ను సూస్తడు. కానీ నీకెరుకైందని ఆయనకు ఎరుక కావొద్దు, తల ఎత్తుకోలేడు. మీ మామకైతె అస్సలే వద్దు. ఆ పొయ్యి కాడి జాగ పోతె మీ నాయినకు ఇంకేమున్నదిరా?"

ఇక్కడ నా ముఖం గురించి ఒక మాట చెప్పాలి. ఎనిమిదేళ్ల వయసులో ఒక దావతులో పరమాన్నం తిని, గొంతు పట్టుకుని, కళ్లు తేలేసి కింద పడ్డాను. ఆడవాళ్లు శోకాలు పెట్టారు. నాయిన చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి నన్ను భుజాన వేసుకుని, డాక్టరు ఇల్లు సగం దూరంలో ఉండగా నేను కిసుక్కున నవ్వడం విన్నాడు. ఆ తర్వాత కూడా నేను ఊరుకోలేదు. ఉప్మాలో బల్లి, నీళ్లలో కిరసనాయిలు, ఏ విందులోనూ ఏదో ఒకటి చేయకుండా ఉండలేదు. ఫలితంగా నా ముఖం ఏం చెబితే దానికి ఎదురుది నిజమని నాయిన ఏనాడో తీర్మానించుకున్నాడు. అటువంటి ముఖం మీద ఆ రోజు ఆయన పరువంతా ఆనుకుని ఉంది.

రేవు దగ్గరి హోటలు రేకుల షెడ్డు. కూర్చోగానే మామ చెయ్యి కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్లాడు. సర్వరు అన్నం, పులుసు గిన్నె పెట్టి వెళ్లాడు. గిన్నె నా ముందుకు రాకముందే వాసన వచ్చింది. ఎలా చెప్పను? మా దిక్కున వాన పడ్డ రాత్రి వచ్చే ఘాటంతా ఒక్క గిన్నెలో పోసి మూత పెట్టి తెచ్చినట్టుంది. ఈ ఒక్క చోట నేను పెంచడం లేదు.

అమ్మ చెప్పినట్టే ఒక వేలితో నాకి గ్లాసెడు నీళ్లు తాగాను. నాయిన నన్ను చూశాడు. ఇంకో గ్లాసు తాగాను. మూడోది తాగుతుంటే, "నీళ్లకచ్చినమారా గింత దూరం?" అన్నాడు.

ముఖం చిట్లించాను. నిజంగానే చిట్లింది, నా ప్రమేయం లేదు. నాయిన పెదవుల చివర నవ్వు కనిపించింది. "మల్ల మొదలువెట్టినవా?"

అమ్మ మాట దాటి ఇంకో అడుగు వేశాను. "నాయినా, వాసనొస్తున్నదే."

"చాపల పులుసు చాప వాసన రాక మల్లెపూల వాసనొస్తదారా?" అన్నాడు, నలుగురికీ వినబడేలా, హాయిగా. నేను వద్దంటున్నాను కాబట్టి అది అమృతమని ఆయనకు ఖాయమైపోయింది. నాలుగు గరిటెలు వేసుకున్నాడు. నిజం చెప్పాలంటే రహస్యం విప్పాలి. విప్పితే నాయిన తల వాలుతుంది. ఒక్కసారి, నా బతుకులో ఒకే ఒక్కసారి, నమ్మదగ్గ ముఖం నాకు కావలసి వచ్చింది, దాన్ని ఎనిమిదో ఏటి నుంచీ నేనే పాడు చేసుకున్నాను.

మామ తడి చేతులు విదిలించుకుంటూ వచ్చాడు. కూర్చోబోతూ ఆగిపోయాడు. ముక్కు ఎగరేశాడు. గిన్నెను చూశాడు, బావను చూశాడు. "ఎట్లున్నదే బావా?" అన్నాడు.

"ఎట్లుంటది? పొద్దుగాల వలల పడ్డ చాప. అది సచ్చినట్టు దానికే ఇంకా తెల్వదు." అని నాయిన అంత ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

మామ నన్ను చూశాడు. నేను విస్తరిని చూశాను. ఆయన పన్నెండేళ్లుగా కాచుకున్న ఘడియ ఎదురుగా వచ్చి కూర్చుంది. అప్పుడే లోపలి నుంచి సర్వరు గుండెలు బాదుకుంటూ వచ్చాడు. "అయ్యబాబోయ్, అది నిన్నటిదండి బాబూ! పొరపాట్న ఎట్టీసినాను. తినకండి బాబూ, పాడైపోనాది."

నాయిన చెయ్యి విస్తరిలోనే ఆగింది. ముందు గిన్నెను చూశాడు. తర్వాత నన్ను. ఆ చూపులో కోపం లేదు. చెప్పుల్లేకుండా పరుగెత్తిన రోజు నన్ను భుజం మీంచి దించి అలాగే చూశాడు.

గిన్నె ఎత్తబోతున్న సర్వరు చెయ్యిని మామ పట్టుకున్నాడు. "ఏయ్, పెట్టు కింద. నిన్నటిదని మా బావకు తెల్వదనుకున్నవా? చాపల పులుసు మా దిక్కు మర్నాడే తింటరు. వాసన సూసినంకనే మా బావ ఏస్కున్నడు. నువ్వెవ్వనివయా మా బావకు చెప్పెటానికి?"

"అదికాదు బాబూ, కంపు కొడతంది..."

"నీకు కొడ్తున్నది. మాకు గుమాయిస్తున్నది." మామ కూర్చుని, తన విస్తరిలో పులుసు పోసుకుని, మొదటి ముద్ద తిన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మస్తున్నది బావా" అన్నాడు. అంత మాటన్నాక నాయిన మిగల్చడానికి లేదు. ఆ ఇద్దరూ తింటుంటే నేను తినకపోవడానికి లేదు. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా, గిన్నె గీకి తిన్నాం. చుట్టుపక్కల బల్లలవాళ్లు తిండి మానేసి మమ్మల్ని చూశారు.

ఆదివారం గురించి వివరించను. లాడ్జిలో మరుగుదొడ్డి ఒకటి, మేము ముగ్గురం. అమ్మ ఒక్కొక్కరికీ మజ్జిగ పోసింది.

సాయంత్రానికి నాయిన, నేను ఇసుకలోకి వెళ్లి కూర్చోగలిగాం. ఆయన నీళ్ల వైపు చూశాడు. "నాకు జెర పడిశెం పట్టినట్టున్నది" అన్నాడు. "సముద్రానికి వాసనుంటదంటరు గదా. ఎట్లుంటదిరా?"

పరమాన్నంలో విషం కల్పించినవాణ్ని, ఉప్మాలో బల్లిని పుట్టించినవాణ్ని. "తడిసిన ఉప్పు బస్తా లెక్క" అన్నాను.

"ఉప్పుకు వాసనేడిదిరా?"

ఇంకేం చెప్పాలో వెతికాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నేనెప్పుడూ నేర్చుకోలేదు. "ఇంకెట్లనో ఉన్నది నాయినా. చెప్పరాస్తలేదు" అన్నాను.

"పోనీ తియ్" అన్నాడు.

ఊరికి వచ్చాక మొదటి దావతు దాకా నాకు అన్నం సయించలేదు. ఊళ్లో ఎక్కడ ఇద్దరు నవ్వినా మామ చెప్పేశాడనే అనుకున్నాను. డేగిస పొయ్యెక్కింది, నాయినకు పిలుపొచ్చింది. ఆయన నాలుగడుగుల దూరంలో కళ్లు మూసుకుని నిలబడ్డాడు. మామ వచ్చి పక్కనే నిలబడ్డాడు.

"ఏం బావా, ఇంకా పచ్చి మసాల వాసనే గదా? గప్పుడే దించుమంటవా ఏంది?" అన్నాడు ఎగతాళిగా.

"తొందరేందిరా బామ్మర్దీ, ఇంకింత సేపు ఆగాలె" అన్నాడు నాయిన.

కాసేపు గడిచింది. "సూస్తుంటివి సూస్తుంటివి, అడుగంటేదాక సూస్తవా? నీ ముక్కు పనైపోయింది తియ్" అన్నాడు మామ, ఇంకా గట్టిగా.

"ఇగ దించుర్రి" అన్నాడు నాయిన.

అవతల ఆడవాళ్ల మధ్య అమ్మ చేతిలో ఉల్లిగడ్డ పట్టుకుని తమ్ముడి వైపు చూస్తోంది. పీట కదలలేదు. నేను డేగిసకు ఇటు పక్కన, నాయినకు సరిగ్గా ఎదురుగా నిలబడి, ఉడికిందన్నట్టు తల ఊపుతూనే ఉన్నాను. ఆయన కళ్లు తెరిచాడు గానీ నా వైపు చూడలేదు.