బానేఉందత్త కన్ను

మా మేనత్తకు పెట్టిన పేరు ఒకటి, పిలిచే పేరు ఇంకొకటి. వీధిలో అందరికీ ఆమె బానేఉందత్త. వేలికి సూది దిగినా బానే ఉంది, జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా బానే ఉంది, నేను మాడబెట్టిన కూర తిన్నా బానే ఉంది. అడిగేవాళ్ళకు విసుగొచ్చేది గానీ ఆ మాట మాత్రం అరిగేది కాదు.

మాది దర్జీ కొట్టు. కింద కొట్టు, పైన రెండు గదులు. అత్త కుడుతుంది, నేను కత్తిరిస్తాను, మామయ్య ఇస్త్రీ చేస్తాడు. మామయ్య ఆరడుగుల మనిషి, గుండె మాత్రం పిచ్చుకంత. ఎప్పుడో అత్త "గుండెల్లో కాస్త మంటగా ఉందండీ" అని నోరు జారితే, డాక్టరును తెస్తానని పరుగెత్తి మెట్ల మీదే కళ్ళు తిరిగి పడ్డాడు. వచ్చిన డాక్టరు అత్తను వదిలేసి ఆయన మోకాలికి కట్టు కట్టి వెళ్ళాడు. ఆ రోజు నుంచీ అత్తకు ఏ నొప్పీ లేదు. ఉన్నా మాకు తెలియదు. ఆ సంగతి ఎరుగుదును గనుక ఆమె మీద ఎంత అరిచినా, నాకు కోపం నిలిచేది కాదు.

శుక్లం ముదిరి, తెల్ల చొక్కాకు గోధుమరంగు దారంతో గుండీలు కుట్టాక గానీ ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు. ముందు కుడికన్ను చేశారు. మర్నాడు కట్టు విప్పగానే మామయ్యను ఎగాదిగా చూసింది.

"ఇదేంటండీ, ఇన్ని ముడతలు ఎప్పుడొచ్చాయి?"

"నిన్ననే. నువ్వు లోపల బల్ల మీద పడుకున్నప్పుడు," అన్నాడు మామయ్య.

ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ జాగ్రత్తలు చెప్పింది. కన్ను నలపొద్దు, నీళ్ళు తగలనివ్వొద్దు, వంగి బరువులెత్తొద్దు, చుక్కల మందు మానొద్దు. "కాస్త గరగరగా ఉండటం, నీరు కారటం మామూలే. రోజురోజుకీ తగ్గాలి. అలా కాకుండా నొప్పి పెరిగినా, కన్ను ఎర్రబడినా, చూపు మసకబారినా ఒక్క పూట కూడా ఆగొద్దు, వెంటనే రండి," అంది. అత్త బుద్ధిగా తలూపింది. ఆ తలూపడం చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మామయ్య చెయ్యి వణుకుతుందని చుక్కలు నేనే వేసేదాన్ని. మొదట్లో అంతా సవ్యంగానే ఉంది. ఒక పొద్దున మాత్రం "సీసా ఇలా ఇయ్యి, నేనే వేసుకుంటా. బానే అలవాటైంది," అంది. ఇంట్లో కూడా నల్లకళ్ళద్దాలు తీయలేదు. మధ్యాహ్నానికి నన్ను చూడాలంటే కోడిలా మెడ తిప్పి, ఆపరేషన్ కాని కంటితో చూడసాగింది. నాకు ఒళ్ళు మండింది. అంతకుమించి భయమేసింది.

"అత్తా, కొత్త కన్ను ఎలా ఉంది?"

"బానే ఉంది."

"అయితే రెండోది మూసుకో. నా చేతిలో ఏ రంగు దారముందో చెప్పు."

మా కొట్లో నీలం దారాల సొరుగు లాగితే కీచుమంటుంది. కావాలనే లాగాను.

"నీలం," అంది అత్త, పరీక్ష ప్యాసైనంత ధీమాగా.

నా చేతిలో ఉన్నది జేబులోంచి తీసిన పసుపు దారం.

అద్దాలు లాగేశాను. కన్ను చింతనిప్పులా ఉంది.

"మన కొట్టు చూసి ఎవరో కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నారే. దారి తప్పి నా కంట్లో పడ్డాయి," అని నవ్వబోయింది. నవ్వలేకపోయింది. కణత పట్టుకుని గొంతు తగ్గించింది. "గట్టిగా అరవకే. మీ మామయ్య వింటాడు."

మామయ్య గుమ్మంలోనే ఉన్నాడు. అంతా విన్నాడు. ఇక పడతాడనుకుని నేను కుర్చీ లాగాను. పడలేదు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసి, ఆమె చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టాడు.

"పద," అన్నాడు.

డాక్టరమ్మ కన్ను పరీక్షచేసి, లోపల ఇన్ఫెక్షన్ చేరిందని చెప్పింది. ఆలస్యమైతే చూపే పోతుందంది. "నొప్పి ఎప్పట్నుంచి? ఎంతగా ఉంది?" అని అడిగింది. అత్త మామయ్య వైపు చూసింది. ఆమె పెదాలు 'బా' అనబోవడం నాకు కనబడుతూనే ఉంది.

మామయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పవే. నేను కూర్చునే ఉన్నాగా. పడ్డా పెద్ద దెబ్బేం తగలదు."

"రాత్రి నుంచీ," అంది అత్త. "ఓర్చుకోలేకపోతున్నానమ్మా." ఆ మాటతో భోరుమంది. నాకూ ఏడుపొచ్చింది. బాధపడుతున్నందుకు కొంత, చెప్పినందుకు చాలా.

అప్పటికప్పుడు కంట్లోకి సూదితో మందెక్కించారు. సమయానికి తెచ్చారన్నారు. ఎరుపు తగ్గింది, నొప్పి పోయింది, చూపు మెల్లమెల్లగా తిరిగొచ్చింది. అందరికీ వచ్చినంత స్పష్టంగా రాకపోవచ్చట. నిన్న మాత్రం నేను పసుపు దారం చూపిస్తే, "పసుపు. జేబులు కూడా వెతకమంటావా?" అంది.

ఇప్పుడు చుక్కలు మామయ్యే వేస్తున్నాడు. చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. ఇవాళ సీసా మూత పెట్టి, ఆమె ముఖంలోకి వంగి అడిగాడు.

"బానే ఉందా?"

"బాలేదు," అంది అత్త. "చుక్క చెంప మీద పడింది. మళ్ళీ వెయ్యండి."